వింత ఆకారపు అడ్డుబిళ్ళ: అసలుదా, నకిలీదా?

జపాను కత్తి బొమ్మను మీరెప్పుడైనా పరీక్షగా చూశారా? ఒకవైపు కొద్దిగా వంపు తిరిగిన పొడవాటి అలుగు. రెండోవైపు రెండు చేతులతో పట్టుకోవటానికి వీలైన పిడి. ఆ రెండింటికీ మధ్య ఒక లోహపు బిళ్ళ ఉంటుంది. దాన్ని జపాను భాషలో ‘త్సుబా’ అంటారు. మనం అడ్డుబిళ్ళ అనుకుందాం. చాలావరకు అది గుండ్రంగానో, కోడిగుడ్డు ఆకారంలోనో, నాలుగు రేకుల పువ్వులాగానో ఉంటుంది. అడ్డుకొలత సుమారు 6 నుంచి 8 సెంటీమీటర్లు. మందం సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్లు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. సొరకాయ ఆకారంలో ఉన్న అడ్డుబిళ్ళ ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. నల్లగా, పాతగా కనిపిస్తున్నది. “ఇది మూడువందల ఏళ్ళనాటి సామురాయ్ కత్తిది” అంటాడు ఒకాయన. “ఇలాంటి ఆకారం ఎక్కడైనా ఉంటుందా? ఇది నిన్నగాక మొన్న పోతపోసిన నకిలీ” అంటాడు ఇంకొకాయన. మీరు ఎవరిని నమ్ముతారు?

తొందరపడకండి. ఇద్దరూ పైరూపం చూసే తీర్పు చెప్పేశారు. మొదటివాడి తీర్పు తప్పయితే కొన్నవాడి డబ్బు పోతుంది, చరిత్రలో ఒక అబద్ధం చేరుతుంది. రెండోవాడి తీర్పు తప్పయితే ఒక నిజమైన పాతవస్తువు పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతుంది. అది మళ్ళీ తిరిగి రాదు. అందుకని ఇలాంటి వస్తువును పరీక్షించేవారు “ఇది వింతగా ఉందా?” అని అడగరు. “ఇది చెయ్యవలసిన పనిని చెయ్యగలదా? ఆ పని చేసిన గుర్తులు దీనిమీద ఉన్నాయా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నలను మనమూ వరసగా అడిగి చూద్దాం.

పని ముందు, అందం తరువాత

అడ్డుబిళ్ళ ఎందుకు? ఎదుటివాడి కత్తి వచ్చి చేతిమీద పడకుండా ఆపటానికని చాలామంది అనుకుంటారు. అది ఒక పని మాత్రమే. పొడిచేటప్పుడు మన చెయ్యే ముందుకు జారి, మన కత్తి పదునుమీదకే పోకుండా ఆపటం రెండో పని. ఇక మూడోది: ఒరలో బిగుతుగా ఉన్న కత్తిని దూసేముందు ఎడమచేతి బొటనవేలితో అడ్డుబిళ్ళను కొంచెం ముందుకు నెడతారు. దాంతో ఒర పట్టు వదులుతుంది. అప్పుడు కుడిచేత్తో కత్తిని సులువుగా బయటికి తీయవచ్చు.

నాలుగో పని మీ భౌతికశాస్త్ర పాఠానికి సంబంధించినది. ఒక లెక్క చేద్దాం. అడ్డుబిళ్ళ లేని కత్తి బరువు 1000 గ్రాములు, దాని గరిమనాభి అడ్డుబిళ్ళ ఉండవలసిన చోటికి 15 సెంటీమీటర్లు ముందు ఉన్నదనుకుందాం. ఇప్పుడు 100 గ్రాముల బిళ్ళను తొడిగాం. మొత్తం బరువు 1100 గ్రాములు అయింది. బిళ్ళ ఉన్నచోటు నుంచే దూరాలు కొలుస్తున్నాం కనుక బిళ్ళ భ్రామకం సున్న. కాబట్టి 1000ని 15తో గుణించి 1100తో భాగించాలి. సుమారు 13.6 వస్తుంది. అంటే గరిమనాభి 1.4 సెంటీమీటర్లు చేతి దగ్గరకు జరిగింది. కత్తి బరువు పెరిగింది, అయినా కొస బరువు తగ్గినట్లు అనిపిస్తుంది. అడ్డుబిళ్ళను మార్చితే కత్తి తూకం మారుతుందన్నమాట.

ఇంకొక సంగతి. సామురాయ్ తన కత్తిని ఎడమవైపు నడికట్టులో, పదును పైకి ఉండేట్లు దోపుకునేవాడు. అడ్డుబిళ్ళ అతని పొట్టకు దగ్గరగా ఉండేది. అందువల్ల బిళ్ళకు చుట్టూ మేకుల్లాంటి కొమ్ములుంటే ముందు గుచ్చుకునేది శత్రువుకు కాదు, కత్తి పెట్టుకున్నవాడికే! ఎంత వింత ఆకారమైనా ఈ హద్దులు దాటకూడదు.

నడిమి రంధ్రం పలికే సాక్ష్యం

అడ్డుబిళ్ళను చేతిలోకి తీసుకోగానే మన కళ్ళు దానిమీది పూలమీదికీ, పక్షులమీదికీ పోతాయి. పరీక్షించేవారి కళ్ళు మాత్రం ముందు నడిమి రంధ్రం మీదికి పోతాయి. అలుగు వెనుకభాగం, అంటే పిడిలోకి దూరే తోక, ఆ రంధ్రంలోనుంచే పోవాలి. జపాను కత్తి అలుగుకు వీపు మందంగా, పదునువైపు సన్నగా ఉంటుంది కదా! దాని తోక కూడా దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి రంధ్రం కూడా ఒకవైపు వెడల్పుగా ఉండి రెండోవైపుకు సన్నగిల్లుతూ మేకు ఆకారంలో ఉండాలి. అచ్చమైన దీర్ఘచతురస్రంలా, గీటు పెట్టి కోసినట్లు ఉంటే అనుమానించవలసిందే. రంధ్రం గుండ్రంగా ఉంటే అది బహుశా వెదురుకర్రతో సాధనచేసే ‘కెండో’ క్రీడకు చేసినదై ఉండవచ్చు. ఆ అడ్డుబిళ్ళలను ఇప్పుడు తోలుతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తున్నారు.

రంధ్రం చుట్టూ ఉన్న చోటు ఇంకా ముఖ్యం. కత్తిని కూర్చేటప్పుడు అడ్డుబిళ్ళకు ముందొకటి, వెనకొకటి పలచని రాగి బిల్లలు వేస్తారు. వాటిని ‘సెప్పా’ అంటారు. మీ సైకిలు చక్రం నట్టుకింద వేసే వాషరు లాంటివే. ఆ బిల్లలు ఆనటానికి రంధ్రం చుట్టూ సుమారు 4 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్లకు పైగా వెడల్పు ఉన్న చదునైన కోలచోటు కావాలి. ఇదే మన చేతిలో ఉన్న గొప్ప కొలబద్ద. అంచు సొరకాయలా ఉన్నా, పీతలా ఉన్నా ఫరవాలేదు. కాని ఆ కోలచోటులో డ్రాగన్ ముక్కు ఉబ్బెత్తుగా లేచి ఉంటే, ఆ బిళ్ళ కత్తికి బిగుసుకోదు. అది గోడకు తగిలించుకోవటానికి చేసినదే అయి ఉండాలి.

ఇప్పుడు మన గొడ్డలిని గుర్తుచేసుకోండి. కర్ర వదులైతే ఏం చేస్తారు? గొడ్డలి బెజ్జంలోకి చిన్న చీల కొడతారు. జపానువారూ అదే చేశారు. ఒక అడ్డుబిళ్ళ తరతరాలుగా రెండుమూడు కత్తులకు మారేది. కొత్త తోక పెద్దదైతే రంధ్రాన్ని ఆకురాయితో పెంచేవారు. చిన్నదైతే రంధ్రం రెండు కొసల్లో మెత్తని రాగి ముక్కలు బిగించేవారు. లేదా రంధ్రం అంచున ఉలితో నాలుగు దెబ్బలు కొట్టి లోహాన్ని లోపలికి నెట్టేవారు. ఈ రాగి ముక్కలు, ఉలిదెబ్బలు, సెప్పాలు ఒత్తుకొని నునుపెక్కిన కోలగుర్తు – ఇవన్నీ ఆ బిళ్ళ పనిచేసిందని చెప్పే సాక్షులు.

పెద్ద రంధ్రానికి అటూ ఇటూ ఇంకో రెండు రంధ్రాలు కొన్నింటికి ఉంటాయి. ఒరకు పక్కన దోపుకునే చిన్న చాకు పిడి పోవటానికి అర్ధచంద్రాకారంలో ఒకటి. జుట్టు సర్దుకునే పుల్ల పోవటానికి మూడు గుండ్రాలు కలిసినట్లు ఇంకొకటి. అవి కొన్నిసార్లు బిళ్ళమీది పువ్వునో పక్షినో సగానికి నరికినట్లు కనిపిస్తాయి. అంటే బిళ్ళ చేసిన చాలాకాలం తరువాత వాటిని తొలిచారన్నమాట. అది లోపం కాదు, ఆ వస్తువు జీవితచరిత్రలో ఒక పుట.

వింత ఆకారాలు నిజంగానే ఉన్నాయి

“ఇలాంటి ఆకారం ఎక్కడైనా ఉంటుందా?” అన్నాయన సంగతి చూద్దాం. ఉంటుంది. ఆస్థానంలోని గొప్ప కుటుంబాలవారు ఉత్సవాలకు ధరించే అలంకార ఖడ్గాలకు ‘షితోగి’ అనే అడ్డుబిళ్ళ ఉండేది. జపానులో దేవుడికి నైవేద్యం పెట్టే ఒక బియ్యప్పిండి ముద్ద పేరే దానికి పెట్టారు. అది నడుమ మందంగా, ఇరుకుగా ఉండి, రెండు పక్కలా వంపు తిరిగిన కమ్మీలతో ఉంటుంది. గుండ్రని బిళ్ళలే తెలిసినవాడికి అది అడ్డుబిళ్ళలాగానే కనిపించదు.

చిన్న బాకులకు ‘హమిదాషి’ అనే రకం ఉంది. అది పిడికన్న ఏ కొంచెమో మాత్రమే బయటికి వస్తుంది. దాన్ని విడిగా చూస్తే విరిగిపోయిన ముక్క అనుకుంటాం. రెండు కొంగలు రెక్కలు చాచి కలుసుకుంటే ఏర్పడే వలయమే కొన్ని ఇనుప బిళ్ళలకు అంచు. ఇంకా పాత రోజుల్లో పచ్చితోలును పొరలుగా బిగించి, గట్టిపరచి, లక్కపూత పూసిన అడ్డుబిళ్ళలు కూడా ఉండేవి. అడ్డుబిళ్ళ అంటే లోహమే అయి ఉండాలన్న నియమం కూడా లేదు.

ప్రసిద్ధ ఖడ్గవీరుడు మియమొతొ ముసాషి పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1645లో కుమమోతోలో చనిపోయాడు. ఆయన చేశాడని చెప్పుకునే ఒక తరహా అడ్డుబిళ్ళకు ఎడమా కుడీ సముద్ర దోసకాయ ఆకారంలో రెండు పెద్ద ఖాళీలుంటాయి. ఆ తరహాను తరువాతి పనివారు ఎంతోమంది అనుకరించారు. సాధన కత్తులకు ఈనాటికీ చేస్తున్నారు. కాబట్టి ఆ ఆకారం కనిపించగానే “ముసాషి చేసిందే” అనటం ఎంత తప్పో, “నకిలీయే” అనటం కూడా అంతే తప్పు. పోలిక వేరు, రుజువు వేరు.

పోతపోసిందా? సమ్మెటతో సాగగొట్టిందా?

పాత ఇనుప అడ్డుబిళ్ళలు చాలావరకు చేత ఇనుముతోనో మెత్తని ఉక్కుతోనో చేసినవి. కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మడిచి, మళ్ళీ సాగగొట్టి పలక చేసేవారు. ఆ పలకను ఉలితో, ఆకురాయితో, సన్నని రంపంతో మలిచేవారు. ఇనుములో కర్బనం అంతటా సమంగా ఉండదు. కర్బనం ఎక్కువైన చోట గట్టిగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న మెత్తని భాగం ముందు అరిగి, గట్టి భాగం అంచుమీద చిన్నచిన్న కణుపుల్లా తేలుతుంది. వాటిని జపానువారు ‘ఇనుప ఎముకలు’ అంటారు. ఎంత చక్కని పేరో చూడండి!

పోత ఇనుము సంగతి వేరు. అందులో కర్బనం 2 శాతాన్ని మించి ఉంటుంది. కరిగించి అచ్చులో పోస్తారు. దానివల్ల కొన్ని గుర్తులు మిగులుతాయి. రెండు అచ్చు ముక్కలు కలిసినచోట అంచువెంట సన్నని గీత ఉంటుంది. గాలి బుడగలవల్ల సూదిమొనంత గుంటలు ఉంటాయి. చెక్కడాల మూలలు ఉలితో కోసినట్లు పదునుగా ఉండక, సబ్బు కరిగినట్లు మొద్దుబారి ఉంటాయి. కొందరు బిళ్ళను దారంతో వేలాడదీసి వేలితో కొట్టి వింటారు. బూడిదరంగు పోత ఇనుములో గ్రాఫైటు రేకులుండి కంపనాలను మింగేస్తాయి, అందుకని శబ్దం మందంగా వస్తుంది. కాని ఆకారం, మందం కూడా శబ్దాన్ని మారుస్తాయి. కాబట్టి చెవి సాక్ష్యం ఒక్కటే చాలదు. అయస్కాంతం అసలే తేల్చలేదు. అది చేత ఇనుమునూ పోత ఇనుమునూ ఒకేలా లాగుతుంది.

ఒక దొంగను పట్టుకునే చక్కని లెక్క చెప్తాను. అసలు బిళ్ళనుంచి అచ్చు తీసి అందులో ఇనుము పోశారనుకోండి. కరిగిన లోహం గడ్డకట్టి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. పోత ఇనుముకు ఆ ముడుత సుమారు 1 శాతం. అసలు బిళ్ళ 80 మిల్లీమీటర్లు ఉంటే నకలు సుమారు 79.2 మిల్లీమీటర్లే వస్తుంది. అసలుమీద ఉన్న గీత, గుంట, అరుగు అన్నీ నకలుమీద కూడా అచ్చు గుద్దినట్లు వస్తాయి. చేత్తో చేసిన రెండు వస్తువుల్లో ఒకే గీత ఒకే చోట పడదు. రెండు బిళ్ళలమీద ఒకే ‘ప్రమాదపు’ గీత కనిపించిందా, వాటిలో కనీసం ఒకటి అచ్చులోంచి వచ్చిందే!

అయితే జాగ్రత్త. ఈ మాట ఇనుముకే. రాగి మిశ్రమలోహాలను పోతపోయటం పూర్వంనుంచీ ఉంది. లోహపు అద్దాలు పోసే తీరులోనే పోసిన పాత అడ్డుబిళ్ళలు కూడా ఉన్నాయి. అక్కడ పోత అయినంత మాత్రాన అది తప్పు కాదు.

తుప్పు, రంగు, చింతపండు

ఇనుము తడిగాలిలో తుప్పు పడుతుందని మీకు తెలుసు. ఉప్పు తగిలితే ఇంకా త్వరగా పడుతుంది. నకిలీలు చేసేవారు వస్తువు పాతగా కనబడాలని ఉప్పునీళ్ళతోనో ఆమ్లంతోనో తుప్పు పట్టిస్తారు. ఆ కొత్త తుప్పు నారింజరంగులో, పొడిపొడిగా, వేలికి అంటుకుంటూ ఉంటుంది. శ్రద్ధగా చూసుకున్న పాత ఇనుముమీద ముదురు గోధుమరంగులోనో నలుపులోనో, గట్టిగా అంటుకుని, చేతులు తగిలి నునుపెక్కిన పొర ఉంటుంది. ఆ పొర కింది ఇనుమును కొంతవరకు కాపాడుతుంది కూడా.

రాగితో చేసిన అడ్డుబిళ్ళల రంగులు ఇంకా విచిత్రం. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపితే ‘షకుదో’ అనే మిశ్రమలోహం వస్తుంది. మొదట అది రాగిలాగానే ఉంటుంది. చిలుము, మైలుతుత్తం వంటివి కలిపిన నీళ్ళలో మరిగిస్తే పైన పలచని పొర ఏర్పడి, కాకి రెక్కలా నీలం కలిసిన నలుపు తేలుతుంది. రాగిలో సుమారు నాలుగోవంతు వెండి కలిపితే ‘షిబుయిచి’ వస్తుంది. ఆ మాటకు అర్థమే నాలుగింట ఒకటి. అది బూడిదరంగు తేలుతుంది.

ఇక్కడే ఎందరో మంచి ఉద్దేశంతో చెడ్డపని చేశారు. నల్లగా ఉంది కదా అని, ఇత్తడి చెంబు తోమినట్లు చింతపండు పెట్టి తోమారనుకోండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పలచని పొరను కరిగించేస్తుంది. నలుపు పోయి ఎర్రని రాగి బయటపడుతుంది. పనివాడు శ్రమపడి సాధించిన రంగు పది నిమిషాల్లో పోయినట్లే! ఇనుప బిళ్ళను గరుకు కాగితంతో రుద్దినా అంతే. తోమటమంటే సాక్ష్యాన్ని చెరిపేయటం. తెలియని పాతవస్తువు దొరికితే మొదటి నియమం – శుభ్రం చెయ్యకండి.

సంతకం ఉంటే సరిపోతుందా?

కొన్ని అడ్డుబిళ్ళలమీద పనివాడి పేరు చెక్కి ఉంటుంది. 16వ శతాబ్దానికి చెందిన నోబుయియె, కనెయియె అనేవారు పేరుమోసిన పనివారు. పేరు మోసింది కాబట్టే వారి సంతకాన్ని తరువాతివారు ఎందరో దొంగతనంగా చెక్కారు. దొంగ సంతకానికి జపాను భాషలో ‘గిమెయి’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉందంటే చూడండి! ఇంకోవైపు, పేరే చెక్కని మంచి పాత బిళ్ళలు కోకొల్లలు. కత్తులు చేసే కమ్మరులూ, కవచాలు చేసేవారూ తయారుచేశారని చెప్పే పలచని ఇనుప బిళ్ళలమీద సాధారణంగా సంతకం ఉండదు. కాబట్టి సంతకం ఉన్నది అసలుదీ కాదు, లేనిది నకిలీదీ కాదు. వస్తువు తన కథ చెప్పిన తరువాత, ఆ కథతో సంతకం పొసగుతుందా అని చూడాలి. ముందు సంతకం చదివి, తరువాత వస్తువును దానికి సరిపెట్టకూడదు.

అసలుదనం వేరు, వాడకం వేరు

చాలామంది తడబడేది ఇక్కడే. “ఇది అసలుదా?” “ఇది కత్తికి వాడారా?” ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు.

1876లో జపాను ప్రభుత్వం ఒక ఆజ్ఞ జారీచేసింది. సైన్యం, పోలీసు వంటివారు తప్ప మరెవరూ బహిరంగంగా కత్తి ధరించకూడదని దాని సారాంశం. తరతరాలుగా అడ్డుబిళ్ళలు చేసి బతికినవారికి ఒక్కసారిగా పనిపోయింది. వారిలో గొప్ప పనివాడైన కానో నత్సువో (1828–1898) కొత్త ప్రభుత్వపు నాణేల అచ్చుల పనికి వెళ్ళాడు. ఇంకెందరో పూలకుండీలు, పెట్టెలు చేసి విదేశాలకు అమ్మారు. ఏ కత్తికీ తొడగని, కేవలం చూడటానికి చేసిన అందమైన అడ్డుబిళ్ళలు కూడా ఆ రోజుల్లో తయారయ్యాయి. వాటి రంధ్రంలో అరుగుదల ఉండదు, రాగి ముక్కలుండవు. కాని అవి నకిలీలు కావు. ఆ కాలపు నిజమైన కళాఖండాలు. అదే సమయంలో యొకొహామా రేవులో విదేశీయులకు అమ్మటానికి హడావుడిగా చేసిన నాసిరకం సరుకు కూడా వచ్చింది. దాన్ని సేకర్తలు ‘హమమోనో’ అని వేరుగా పిలుస్తారు.

1934 తరువాత జపాను సైన్యం తన అధికారుల కొత్తరకం కత్తులకు చెర్రీ పూల గుర్తులున్న అడ్డుబిళ్ళలను పెద్దసంఖ్యలో చేయించింది. అవి ఒకదానికొకటి అచ్చు ఒకేలా ఉంటాయి. అయినా అవి నకిలీలు కావు, 20వ శతాబ్దపు సైనిక వస్తువులు. వాటినే “సామురాయ్ కాలంనాటివి” అని అమ్మితే అప్పుడది మోసం. అబద్ధం వస్తువులో లేదు, దాని పక్కన తగిలించిన చీటీలో ఉంది. నకిలీ అన్నమాటకు అసలైన అర్థం ఇదే.

రెండు బిళ్ళలు, రెండు తీర్పులు

ఇప్పుడు మన సొరకాయ బిళ్ళ దగ్గరకు వద్దాం. భూతద్దంతో చూస్తే ఈ కిందివి కనిపించాయనుకోండి. రంధ్రం మేకు ఆకారంలో ఉంది. రెండు కొసల్లో రాగి ముక్కలున్నాయి. చుట్టూ కోలచోటు చదునుగా, నునుపుగా ఉంది. అంచున అచ్చు గీత లేదు, రెండుచోట్ల ఇనుప ఎముకలు తేలాయి. తుప్పు నల్లగా, గట్టిగా ఉంది. ‘నోబుయియె’ అని సంతకం ఉంది. మీ తీర్పు ఏమిటి? సమ్మెటతో చేసినది, కనీసం ఒక కత్తికి తొడిగినది, ఒకసారైనా రంధ్రాన్ని సవరించినది – ఇంతవరకు బలంగా చెప్పవచ్చు. 1876కు ముందుది కావటానికి అవకాశం ఎక్కువ. నోబుయియె చేసినది అని మాత్రం ఈ సాక్ష్యంతో చెప్పలేం.

ఇంకొక బిళ్ళ తీసుకుందాం. అది డ్రాగన్ తల ఆకారంలో ఉంది. రంధ్రం దీర్ఘచతురస్రం. డ్రాగన్ ముక్కు కోలచోటులోకి పొడుచుకొచ్చింది. అంచున సన్నని గీత ఉంది. గాలిలో తూస్తే 134 గ్రాములు, నీటిలో ముంచి తూస్తే 114 గ్రాములు. 20 గ్రాములు తగ్గింది. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం 134ను 20తో భాగిస్తే 6.7 వస్తుంది. ఇనుము సాంద్రత సుమారు 7.9, రాగిది సుమారు 9. పోత ఇనుముకైనా సాధారణంగా 7కు పైనే ఉంటుంది. 6.7 అంటే తుత్తునాగం, అల్యూమినియం కలిసిన పోత మిశ్రమలోహం అని అనుమానించాలి. అలాంటి మిశ్రమలోహాలు 20వ శతాబ్దపువి. అల్యూమినియాన్ని మొదటిసారి వేరుచేసిందే 1825లో! ఈ బిళ్ళ కత్తికి బిగుసుకోదు, సామురాయ్ కాలంనాటిదీ కాదు. అలంకారానికి చేసిన బొమ్మ అన్నమాట. బొమ్మగా అది బాగానే ఉండవచ్చు.

గమనించారా? రెండింటి ఆకారాలూ వింతవే. తీర్పు చెప్పింది ఆకారం కాదు.

పెద్ద సంస్థల్లో ఇంతకన్న సూక్ష్మమైన పరీక్షలున్నాయి. ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, తిరిగి వెలువడే కిరణాలనుబట్టి పైపొరలో ఏ మూలకాలున్నాయో వస్తువుకు గీత పడకుండా తెలుసుకోవచ్చు. జపానులో 1948లో ఏర్పడిన కళాత్మక ఖడ్గ సంరక్షణ సంఘం కత్తులతోపాటు అడ్డుబిళ్ళలను కూడా నిపుణులచేత పరీక్షింపజేసి ధ్రువపత్రాలు ఇస్తుంది. కాని ఆ నిపుణులు కూడా మొదట చేసేది మనం చేసిన పనే – కళ్ళు తెరిచి చూడటం, చూసినదాన్ని వేల ఇతర వస్తువులతో పోల్చటం.

మీరు చేసి చూడండి

దీనికి మీకు జపాను అడ్డుబిళ్ళ అక్కరలేదు. కమ్మరి కొలిమిలో చేసిన కొడవలినీ, పోతపోసిన పాత ఇనుప తూకపు రాయినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. దేనిమీద సమ్మెట దెబ్బలున్నాయి? దేనిమీద సూది గుంటలున్నాయి? అచ్చు గీత కనిపించిందా?

కర్ర ఊడిన పాత గొడ్డలిని తీసుకుని పెద్దల సమక్షంలో దాని బెజ్జాన్ని చూడండి. ఎటువైపు ఎక్కువ అరిగింది? ఎందుకు అరిగింది? చీల కొట్టిన గుర్తులున్నాయా?

మూడు కొత్త మేకులను తీసుకుని ఒకటి పొడిగా, ఒకటి మంచినీటిలో తడిపిన దూదిమీద, ఒకటి ఉప్పునీటిలో తడిపిన దూదిమీద వారంపాటు ఉంచండి. వచ్చిన తుప్పును పాత తలుపు బందుమీది తుప్పుతో పోల్చండి. రంగు, గట్టితనం, వేలికి అంటుకోవటం – మూడూ రాసుకోండి.

హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూడండి. అక్కడి జపాను వస్తువుల సేకరణలో సామురాయ్ కత్తులు కూడా ఉన్నాయి. కత్తి కనబడితే అలుగు మెరుపు చూసి ముందుకు వెళ్ళిపోకండి. పిడి మొదట్లో ఉన్న చిన్న బిళ్ళ దగ్గర ఆగండి.

ఏ పాతవస్తువును చూసినా మీ నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. ‘కళ్ళారా చూసినది’, ‘దానినిబట్టి ఊహించినది’, ‘ఇంకా తేలనిది’. మూడో గడి ఖాళీగా లేదని సిగ్గుపడకండి. చూసినదాన్ని మొదటి గడిలోనే, ఊహను రెండో గడిలోనే ఉంచగలిగినవాడు అడ్డుబిళ్ళ విషయంలోనే కాదు, మరే విషయంలోనూ అంత సులువుగా మోసపోడు.